తుపాకి లేని పఠాన్ల దండు

అహింస గురించి మాటొస్తే మన దగ్గర తరచూ వినబడే అభిప్రాయం ఒకటుంది. అది నెమ్మదస్తులకు కుదిరే పని అనీ, ఎదుటివాడికి కాస్తయినా సిగ్గూ శరమూ ఉంటేనే పనిచేస్తుందనీ అంటారు. గాంధీజీకి చెల్లింది గనక చెల్లింది, అందరివల్లా అయ్యేది కాదు అని దానికి కొసరు కూడా వేస్తారు. ఈ మాటలో నిజమెంతో తేల్చుకోవాలంటే సబర్మతి కన్నా, దండి కన్నా ముందు చూడవలసిన చోటు పెషావర్ లోయ. అప్పట్లో అది బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దు రాష్ట్రం. తుపాకి లేనివాణ్ణి మగవాడిగా లెక్కవేయని ఆ నేల మీద, తాత నాటి పగ మనవడు తీర్చుకునే పఠాన్ల మధ్య, 1929లో ఒక దండు పుట్టింది. దానికి యూనిఫారం ఉంది, హోదాలున్నాయి, కవాతు ఉంది, జెండా ఉంది. ఆయుధం మాత్రం లేదు. ఖుదాయీ ఖిద్మత్‌గార్లు, అంటే దేవుడి సేవకులు, అని పేరు పెట్టుకున్న ఆ దండును కూడగట్టినవాడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్. మనలో చాలామందికి ఆయన సరిహద్దు గాంధీ అన్న బిరుదుగా తెలుసు తప్ప మనిషిగా తెలియదు. తెలుసుకుంటే పైన చెప్పిన అభిప్రాయం నిలబడదు. అహింస పుట్టుకతో వచ్చే గుణం కాదనీ, ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చి, సంఘాలు పెట్టి, పని అప్పజెప్పి నిలబెట్టవలసిన ఏర్పాటనీ ఆయన జీవితం రుజువు చేసింది.

ఆయన 1890లో పెషావర్ దగ్గరి ఉత్మాన్‌జాయ్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి బహ్రామ్ ఖాన్ కలిగిన ఆసామి, ఊరిపెద్ద. తన శత్రువులను క్షమించి వంశపు పగలకు స్వస్తి చెప్పినవాడని ఆ ప్రాంతంలో ఆయనకు పేరు. కొడుకును పెషావర్‌లోని మిషన్ స్కూలులో చదివించాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, దానికి తగ్గ ఒళ్లు ఉన్న ఆ కుర్రవాడికి ‘గైడ్స్’ అనే పేరున్న సైనిక దళంలో ఆఫీసరు ఉద్యోగం ఖాయమైంది. పఠాన్ కుర్రవాడికి ఆ రోజుల్లో అంతకు మించిన గౌరవం లేదు. అదే దళంలో పనిచేస్తున్న ఒక భారతీయ మిత్రుణ్ణి తెల్ల అధికారి ఒకడు తన కళ్లెదుటే అవమానించడం చూసి ఆ ఉద్యోగం వద్దనుకున్నారు. 1910లో, ఇరవయ్యేళ్ల వయసులో, సొంత ఊళ్లో బడి తెరిచారు. బడి పెట్టడం అంత పెద్ద తిరుగుబాటా అని మనకిప్పుడు అనిపించవచ్చు. చదువుకుంటే నరకానికి పోతారని ముల్లాలు జనాన్ని బెదిరిస్తున్న కాలమది. సర్కారుకూ ఆ బడులు కంటగింపే. చదువులేని పఠాన్ సైన్యంలో చేర్చుకోవడానికి పనికొస్తాడు, ఎదురు ప్రశ్న వేయడు. ఇద్దరి కోపాన్నీ ఒకేసారి తలకెత్తుకుని ఆయన ఊరూరా తిరిగారు.

అసలు ఆయనకు అహింస ఎందుకు అవసరమైందో ఇక్కడే అర్థం చేసుకోవాలి. ఆయన మొదట పోరాడింది తెల్లవాళ్లతో కాదు, పఠాన్ల పగలతో. పఠాన్ కట్టుబాట్లలో అతిథి మర్యాద ఎంత ముఖ్యమో ‘బదల్’, అంటే ప్రతీకారం, అంత ముఖ్యం. పొలం గట్టు తగాదా, పెళ్లిలో మాట పట్టింపు, ఏదైనా హత్య దాకా పోయేది. ఒక హత్య ఇంకో హత్యకు దారితీసి కుటుంబాలకు కుటుంబాలే మోడువారేవి. ఈ పగలే దొరలకు కలిసొచ్చాయి. 1901 నాటి సరిహద్దు నేరాల చట్టం కింద ఒకడు చేసిన తప్పుకు వాడి తెగ మొత్తాన్నీ శిక్షించవచ్చు. వకీలు లేడు, పైకోర్టుకు అప్పీలు లేదు. 1919 సంస్కరణలతో మిగతా రాష్ట్రాలకు దక్కిన కొద్దిపాటి శాసనసభ హక్కులు కూడా ఈ రాష్ట్రానికి ఇవ్వలేదు. ఎందుకని అడిగితే, పఠాన్లు కొట్టుకుచచ్చేవాళ్లు, వాళ్లకు ఈ భాషే తెలుస్తుంది అన్నారు. అంటే పఠాన్ ఎత్తిన తుపాకి వాడి బానిసత్వానికే సాకైంది. గఫార్ ఖాన్ ఈ లంకె పట్టుకున్నారు. తుపాకితో తిరగబడితే సర్కారు పని సులువవుతుంది, సాటి పఠాన్ మీద ఎత్తితే మరీ సులువవుతుంది. ఆ సాకే లేకుండా చేస్తే ఏం చేయాలో సర్కారుకు పాలుపోదు. ఆయన దృష్టిలో అహింస ముందు ఇల్లు చక్కదిద్దుకునే సాధనం, ఆ తర్వాతే పరాయి పాలన మీద అస్త్రం.

1919లో రౌలట్ చట్టానికి వ్యతిరేకంగా ఉత్మాన్‌జాయ్‌లో సభ జరిగింది. ఆయన్ని పట్టుకెళ్లారు. ఆ కాళ్లకు సరిపడే సంకెళ్లు జైల్లో దొరకలేదు. చిన్నవి బలవంతాన బిగిస్తే చీలమండలు కోసుకుపోయి రక్తం కారింది. 1921లో మళ్లీ మూడేళ్ల కఠిన శిక్ష. ఒంటరి గది, తిరగలి విసరడం. నేరం, బడులు నడపడమూ ఖిలాఫత్ ఉద్యమంలో పాల్గొనడమూ. బయటికొచ్చేసరికి మనిషి సగమయ్యారు, పేరు మాత్రం రెట్టింపైంది. ఆ మధ్యకాలంలో ఆయన ప్రారంభించిన ఆజాద్ పాఠశాల, అఫ్గాన్ల సంస్కరణ సంఘం ఆగలేదు. 1928లో ‘పఖ్తూన్’ అనే పష్తో పత్రిక తెచ్చారు. పష్తోలో రాయడం చదవడం మొరటు పని అనుకునే రోజుల్లో అందులో రాజకీయాలు, కవిత్వం, ఆడవాళ్ల రాతలు వచ్చాయి. నేను ఈ ఇరవయ్యేళ్ల మీద ఇంతగా నిలబడడానికి కారణం ఉంది. చరిత్ర పుస్తకాల్లో 1930 నాటి కాల్పులు వస్తాయి, వాటి ముందున్న రెండు దశాబ్దాల బడి పని, పత్రిక పని, ఊరూరా తిరిగిన నడక రావు. అవి లేకపోతే 1930లో జరిగినది జరిగేదే కాదు.

1929లో దండు మొదలైంది. చేరే ప్రతివాడూ ప్రమాణం చేయాలి. దేవుడికి మన సేవ అక్కర్లేదు గనక ఆయన సృష్టికి సేవ చేస్తాననీ, హింస చేయననీ, పగ తీర్చుకోననీ, తనను బాధపెట్టినవాణ్ణి క్షమిస్తాననీ, రోజుకు కనీసం రెండు గంటలు సమాజం పనికి ఇస్తాననీ ఆ ప్రమాణం సారాంశం. మాట తప్పడం పఠాన్‌కు చావుతో సమానం. పగ తీర్చుకుని తీరాలన్న పట్టుదలను ఆయన ఈ ప్రమాణం నిలబెట్టుకోవడం మీదికి మళ్లించారు. ఇదే ఆయన చేసిన అసలైన పని అని నా అభిప్రాయం. పఠాన్‌ను ఇంకొకడిగా మారమని ఆయన అడగలేదు. పఠాన్‌కున్న రోషం, మాట మీద నిలబడే గుణం, చావుకు వెరవని గుండె, వీటినే తీసుకుని వేరే పనికి పెట్టారు. తొలి రోజుల్లో కార్యకర్తలు మామూలు తెల్లబట్టలే కట్టుకునేవారు. దుమ్ములో తిరిగే పని కావడంతో అవి ఊరికే మాసిపోయేవి. కొందరు దగ్గర్లోని తోళ్లు ఊనే చోటికి వెళ్లి అక్కడి రంగులో బట్టలు ముంచి తెచ్చారు. అవి ఇటుక రంగుకు తిరిగాయి. చవకగా ఉంది, దూరం నుంచి కనబడుతుంది, అదే యూనిఫారమైంది. ఆ రంగు చూసి ప్రభుత్వం వీళ్లను ‘ఎర్రచొక్కాలు’ అని, రష్యా బోల్షివిక్కుల తొత్తులని ప్రచారం చేసింది. ఎర్రచొక్కాలు చేసే పని చూస్తే వీధులు ఊడ్వడం, రాట్నం తిప్పడం, తగవులు తీర్చడం, డోలు వాయిద్యాలతో ఊళ్ల మధ్య కవాతు చేయడం. ఇందులో హిందువులూ సిక్కులూ చేరారు, ఆడవాళ్లూ చేరారు.

1930 ఏప్రిల్ 23న ఈ తర్ఫీదుకు పరీక్ష వచ్చింది. మన కోస్తా ఊళ్లలో సత్యాగ్రహులు ఉప్పు వండుతున్న రోజులవి. ఉత్మాన్‌జాయ్‌లో మాట్లాడి పెషావర్ వస్తున్న గఫార్ ఖాన్‌ను దారిలో అరెస్టు చేశారు. పెషావర్‌లోనూ నాయకుల్ని పట్టుకున్నారు. కిస్సా ఖ్వానీ బజారులో జనం పోగయ్యారు. సైన్యం సాయుధ శకటాలను జనం మీదికి తోలింది, కొందరు వాటి కింద నలిగిపోయారు. ఆ గందరగోళంలో ఒక శకటం తగలబడింది, ఒక తెల్ల సైనికుడు చనిపోయాడు. ఈ సంగతి దాచవలసిన పని లేదు. అక్కడ చేరిన ప్రతివాడూ ప్రమాణం చేసినవాడు కాదు. తర్వాత కాల్పులు మొదలయ్యాయి, గంటల తరబడి సాగాయి. శవాలనూ గాయపడినవాళ్లనూ తీసుకెళ్లనిస్తే వెళ్లిపోతామని జనం అన్నారు, సైన్యం వెళితే వెళతామన్నారు. ముందువరస పడిపోతే వెనకవరస ముందుకొచ్చింది. చనిపోయినవాళ్ల లెక్క ప్రభుత్వం పదుల్లో చెప్పింది, జనం వందల్లో చెప్పారు. ఆ రోజే గఢ్వాల్ రైఫిల్స్‌కు చెందిన ఒక దళానికి కాల్చమని ఆజ్ఞ వచ్చింది. చంద్రసింగ్ గఢ్వాలీ నాయకత్వంలో ఆ సైనికులు తుపాకి ఎత్తలేదు. గఢ్వాల్ కొండల హిందూ సైనికులు, ఎదురుగా ముస్లిం పఠాన్లు. ఆజ్ఞ ధిక్కరించినందుకు చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది, పదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. ఏ సైన్యం మీద సామ్రాజ్యం నిలబడి ఉందో ఆ సైన్యంలోనే నెర్ర కనబడడంతో అధికారులు బెదిరి కొన్ని రోజులపాటు పెషావర్ నగరాన్ని ఖాళీ చేశారు. అంతకుముందు వందల్లో ఉన్న ఎర్రచొక్కాలు ఆ కాల్పుల తర్వాత వేలకు వేలయ్యారు.

తెల్లవాళ్లు గనక సాగింది, ఇంకెవరైనా అయితే ఊచకోత కోసేవాళ్లు అన్నది మొదటి ఆక్షేపణ. లండన్‌లో పత్రికలుండేవి, పార్లమెంటుండేది, అది నిజమే. అయితే ఆ మర్యాద పెషావర్ దాకా వచ్చిందని చెప్పడానికి ఆధారం తక్కువ. ఎర్రచొక్కాలను బట్టలూడదీసి కొట్టారు, చలికాలంలో చెరువుల్లో ముంచారు, ఇళ్లూ ధాన్యం గాదెలూ తగలబెట్టారు. ఆ ఏడాదే మార్షల్ లా పెట్టారు. విఠల్‌భాయ్ పటేల్ అధ్యక్షతన కాంగ్రెస్ వేసిన విచారణ సంఘం నివేదికను నిషేధించారు. సరిహద్దు అవతలి తెగల మీద విమానాలతో బాంబులు వేసిన ప్రభుత్వమది. ఇది మెత్తని ప్రత్యర్థి కాదు. అయినా ఉద్యమం పెరిగిందంటే కారణం ప్రత్యర్థి మంచితనంలో దొరకదు. ఆ ప్రభుత్వానికి పఠాన్ల నుంచి పన్ను కావాలి, పోలీసులు కావాలి, సైనికులు కావాలి, ఊళ్లలో తన మాట వినే ఖాన్లు కావాలి. అవి ఇవ్వం అన్న జనం లక్షల్లో ఉన్నప్పుడు తుపాకి వల్ల ఒరిగేది తక్కువ. చివరికి 1932లో ఆ రాష్ట్రానికి మిగతా రాష్ట్రాలతో సమాన హోదా దక్కింది. ముప్పయ్యేళ్ల విన్నపాలకు రానిది రెండేళ్ల సహాయ నిరాకరణతో వచ్చింది.

రెండో ఆక్షేపణ, ఇదంతా గాంధీజీకి నకలు అని. సరిహద్దు గాంధీ అన్న పేరు కూడా ఆ అపోహకు దారితీస్తుంది. గాంధీజీ మీద ఆయనకున్న గౌరవానికి హద్దు లేదు, ఆశ్రమంలో ఆయనతో కలిసి ఉన్నారు కూడా. కానీ బడులు, సంఘం, పగల మీద పోరు అవన్నీ ఆ స్నేహం ముదరక ముందే మొదలయ్యాయి. అహింసకు ఆయన చూపిన ఆధారం ఖురాన్‌లోని ‘సబ్ర్’, ఓర్పు. మక్కాలో ప్రవక్త హింసలు భరించి నిలిచిన కాలాన్ని ఆయన పఠాన్లకు పదేపదే గుర్తుచేసేవారు. ఇది కొత్త మతం కాదు, మనం మరిచిపోయిన మన మతమే అని చెప్పడం వల్లనే ఊళ్లలో ఆ మాట ఎక్కింది. ఇంకో సంగతి. 1940లో కాంగ్రెస్, స్వాతంత్ర్యం హామీ ఇస్తే యుద్ధంలో బ్రిటన్‌కు సాయపడతామని తీర్మానించినప్పుడు గఫార్ ఖాన్ కార్యవర్గానికి రాజీనామా ఇచ్చారు. అహింసను సమయానికి తగ్గ ఎత్తుగడగా చూసినవాళ్లు ఆ కార్యవర్గంలో చాలామందే. ఆయనకు అది ప్రమాణం. నకలు రాసినవాడు మూలం కన్నా గట్టిగా నిలబడడు.

అన్నిటికన్నా బరువైన ఆక్షేపణ చివరిది. చివరికి ఏం మిగిలింది? ఓడిపోయారు గదా? దీనికి తొందరగా జవాబు చెప్పడం తప్పు. 1946 ఎన్నికల్లో, నూటికి తొంభై మందికి పైగా ముస్లింలున్న ఆ రాష్ట్రంలో, 50 స్థానాల్లో 30 ఎర్రచొక్కాల అండ ఉన్న కాంగ్రెస్ గెలిచింది, ముస్లిం లీగ్‌కు 17 వచ్చాయి. దేశమంతా మతం పేరున చీలుతున్న రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు. గఫార్ ఖాన్ అన్న డాక్టర్ ఖాన్ సాహెబ్ ఆ రాష్ట్ర ప్రధానిగా ప్రభుత్వం ఏర్పడింది. గఫార్ ఖాన్ మాత్రం 1947 తొలి నెలల్లో గాంధీజీతో కలిసి బిహార్ అల్లర్ల ఊళ్లలో తిరుగుతున్నారు. ఆ జూన్‌లో విభజన ప్రణాళికను కాంగ్రెస్ ఒప్పుకుంది. ఇండియానా, పాకిస్తానా అని సరిహద్దు రాష్ట్రంలో ప్రజాభిప్రాయ సేకరణకూ ఒప్పుకుంది. మమ్మల్ని తోడేళ్లకు వదిలేశారు అని ఆయన బాధపడ్డారు. పష్తూనిస్తాన్ అనే మూడో దారి కూడా ఉండాలని బన్నూలో తీర్మానం చేశారు, బ్రిటిష్‌వాళ్లు ఒప్పుకోలేదు. ఎర్రచొక్కాలు ఓటింగును బహిష్కరించారు. జులైలో 5,72,798 మంది ఓటర్లకు 2,89,244 మంది పాకిస్తాన్‌కు ఓటేశారు, 2,874 మంది ఇండియాకు. మొత్తం ఓటర్లలో సగానికి కాస్త పైన. బహిష్కరణ సరైన నిర్ణయమేనా అని చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. బహిష్కరణ సూత్రానికి నప్పింది, ఫలితాన్ని మాత్రం ఎదుటివాళ్ల చేతుల్లో పెట్టింది అన్నది నాకు తోచేది.

ఓడించింది ఎవరు, ఎలా అన్నది ఇక్కడ చూడాలి. పాకిస్తాన్ ఏర్పడిన వారం తిరిగేసరికి ఖాన్ సాహెబ్ ప్రభుత్వాన్ని రద్దుచేశారు. గఫార్ ఖాన్ 1948 ఫిబ్రవరిలో కరాచీ వెళ్లి కొత్త దేశానికి విధేయత ప్రమాణం చేశారు, అయినా జూన్‌లో జైలుకు పంపారు. ఆగస్టు 12న చార్సద్దా దగ్గర బాబ్రా అనే చోట ఎర్రచొక్కాల ఊరేగింపు మీద పోలీసులు కాల్పులు జరిపారు, వందల మంది చనిపోయారని ఉద్యమం వాళ్లు చెబుతారు. సంస్థను నిషేధించారు, దాని కేంద్రాన్ని కూల్చేశారు. తెల్లవాళ్లు పద్దెనిమిదేళ్లలో చేయలేనిది సొంతవాళ్లు ఒక ఏడాదిలో చేశారంటే, సొంతవాళ్లు ఎక్కువ క్రూరులని కాదు. 1930లో పెషావర్‌లో కాల్పులు జరిగితే దేశమంతా కదిలింది, కాంగ్రెస్ విచారణ వేసింది, పత్రికలు రాశాయి. 1948లో ఆ దేశం లేదు, ఆ కాంగ్రెస్ లేదు. కొత్తగా పుట్టిన దేశం మీద జనానికి ఆశ ఉంది, మతం పేరు దానికి అండగా ఉంది, ఎదిరించినవాడి మీద ద్రోహి ముద్ర వేయడం తేలిక. అహింసకు దయగల శత్రువు అక్కర్లేదు గానీ, పడ్డవాణ్ణి చూసి కదిలే నలుగురు బయట ఉండాలి. సరిహద్దులో ఆ నలుగురినీ విభజన దూరం చేసింది. ఇది అహింసకు ఉన్న పరిమితి, ఒప్పుకోవాలి. ఇదే కాలంలో ఆయన తుపాకి పట్టి ఉంటే ఏమయ్యేదో ఊహించడం కష్టం కాదు. అదే సరిహద్దు 1980ల నుంచి ఎవరెవరి తుపాకులకు నెలవైందో, అందులో పఠాన్లు ఎంతమంది నేలకూలారో మన కళ్ల ముందే ఉంది.

ఒక్క మనిషి మీద ఆధారపడ్డ ఉద్యమం గనక ఆ మనిషి జైలుకు వెళ్లగానే చెదిరిందన్న మాట కూడా ఉంది. ఆయన బతుకులో పాతికేళ్లకు పైగా జైళ్లలోనే గడిచాయి, అటు బ్రిటిష్, ఇటు పాకిస్తాన్. 1962లో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ ఆయన్ని ఆ ఏటి ఖైదీగా లోకానికి చూపింది. అయినా 1930లోనూ, ఆయన హజారీబాగ్ జైల్లో ఉన్న ఏళ్లలోనూ దండు ఆగలేదు. ముకులికా బెనర్జీ అనే మానవశాస్త్రవేత్త 1990ల్లో ఆ లోయలో తిరిగి, అప్పటికి ముసలివాళ్లయిపోయిన ఎర్రచొక్కాలతో మాట్లాడి పుస్తకం రాశారు. సంస్థను నిషేధించి నలభై ఏళ్లు దాటినా వాళ్లు తమ ప్రమాణాన్ని గుర్తుపెట్టుకున్నారు, చేసిన పనిని గర్వంగా చెప్పుకున్నారు. నాయకుణ్ణి చూసి మాత్రమే నడిచిన గుంపైతే ఇలా ఉండదు.

గఫార్ ఖాన్ జైలు నుంచి విడుదలయ్యాక 1964లో వైద్యం కోసం ఇంగ్లండు వెళ్లి, అక్కణ్ణుంచి కాబూల్ చేరి ఏళ్లపాటు అక్కడే ఉన్నారు. 1969లో గాంధీ శతజయంతికి ఇండియా వచ్చారు. అప్పుడే అహ్మదాబాద్‌లో మత కలహాలు జరిగాయి. సన్మానాల కోసం పిలిచిన దేశంలో ఆయన మూడు రోజులు నిరాహార దీక్ష చేశారు, గాంధీని మరిచిపోయారని పార్లమెంటు సభ్యుల ముందే నిలదీశారు. 1987లో భారతరత్న ఇచ్చాం. పరాయి దేశ పౌరుడికి ఆ గౌరవం ఇవ్వడం అదే మొదలు. 1988 జనవరి 20న పెషావర్‌లో కన్నుమూశారు, ఆయన కోరిక ప్రకారం అఫ్గానిస్తాన్‌లోని జలాలాబాద్‌లో ఖననం చేశారు. మన బడుల్లో పిల్లలకు ఆయన గురించి చెప్పే ఉపాధ్యాయులకు ఒక విన్నపం. సరిహద్దు గాంధీ అన్న బిరుదు చెప్పి ఊరుకోకండి. 1910 నాటి బడి గురించి, తోళ్లు ఊనే చోట రంగు వేసుకున్న ఆ బట్టల గురించి, రోజుకు రెండు గంటల పని గురించి, కాల్చనన్న చంద్రసింగ్ గురించి కూడా చెప్పండి. అహింస ఎలా తయారవుతుందో పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.